నాన్న నేర్పిన పిలుపు

అమెరికాలో వసంతం వస్తే ఎన్నో కుటుంబాలకు టర్కీ వేట గుర్తొస్తుంది, దాంతోపాటే పోయిన నాన్నా గుర్తొస్తాడు. ఆ ఆనవాయితీ వెనక, ఒక పక్షిని పోగొట్టుకుని మళ్లీ తెచ్చుకున్న చరిత్ర ఉంది.

1817 ఫిబ్రవరి. అబ్రహాం లింకన్‌కు ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులున్నాయి. ఇండియానా అడవిలో కొత్తగా వేసుకున్న దుంగల ఇల్లు. తండ్రి ఇంట్లో లేడు. అడవి టర్కీల గుంపొకటి ఇంటి దగ్గరికొచ్చింది. పిల్లాడు రైఫిల్ అందుకుని దుంగల సందులోంచి పేల్చాడు. ఒక పక్షి పడిపోయింది. అంతకంటే పెద్ద ప్రాణి మీద తాను మళ్లీ తుపాకీ ఎత్తలేదని 1860లో రాసిన స్వీయ పరిచయంలో లింకన్ చెప్పుకున్నాడు.

ఆ రోజుల్లో టర్కీ ఇంటి ముంగిటికే వచ్చే ఆహారం. దాన్ని కొట్టడానికి ఓ పిల్లాడికి నాన్న తోడు కూడా అక్కర్లేకపోయింది. నూరేళ్లు గడిచేసరికి పరిస్థితి తిరగబడింది.

మాయమైన పుంజు

కనెక్టికట్‌లో 1813 నాటికే అడవి టర్కీ కనిపించకుండా పోయింది. మసాచుసెట్స్‌లో 1851తో దాని జాడ చెరిగిపోయింది. పొలాల కోసం అడవులు కొట్టేశారు. సంతలో అమ్ముకోవడానికి ఏడాది పొడవునా వేటాడారు. గుడ్ల మీదున్న పెట్టనూ వదల్లేదు. 1904లో న్యూయార్క్‌లో బయటపడిన చెస్ట్‌నట్ తెగులు తూర్పు అడవుల్లోని ఆ చెట్లను కోట్ల సంఖ్యలో చంపేసింది. టర్కీలకు శీతకాలపు తిండి అలా పోయింది. ఒకప్పుడు 39 రాష్ట్రాల్లో తిరిగిన పక్షి 1920 నాటికి 18 రాష్ట్రాల్లో లేకుండా పోయింది. మిగిలినవి మనుషులు చొరబడలేని చిత్తడి నేలల్లో, కొండల్లో తలదాచుకున్నాయి.

తల్లి నేర్పని పిల్లలు

అక్రమంగా వేటాడిన వాటిని రాష్ట్రాలు దాటించి అమ్మకుండా 1900లో లేసీ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చు పెట్టాలని 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం చెప్పింది. వేటగాళ్లే ఆ చట్టానికి గట్టిగా అండగా నిలిచారు.

డబ్బు వచ్చింది కానీ పక్షి రాలేదు. మొదట్లో ఫారాల్లో పొదిగించిన పిల్లలను వేలకు వేలు అడవిలో వదిలారు. అవి బతకలేదు. ఏ నీడను చూసి దాక్కోవాలో, రాలిన ఆకుల కింద తిండి ఎక్కడ దొరుకుతుందో వాటికి చెప్పే తల్లి లేదు. చివరికి 1951లో దక్షిణ కరోలినాలో దారి దొరికింది. నేల మీద గింజలు చల్లి, మేతకొచ్చిన అడవి టర్కీల మీదికి చిన్న ఫిరంగులతో వల విసిరి, వాటిని ప్రాణాలతో పట్టారు. అలా పట్టినవాటిని పక్షి లేని అడవులకు తరలించారు. వెర్మాంట్‌లో 1969, 70లలో న్యూయార్క్ నుంచి తెచ్చి వదిలినవి 31 మాత్రమే. ఇవాళ ఆ రాష్ట్రంలో దాదాపు 45 వేలున్నాయి.

ఈ కథలో తండ్రుల తరం చేసిన పనిని నేను అన్నిటికన్నా పెద్దదిగా చూస్తాను. తుపాకీ చేతిలో ఉండగా పేల్చకుండా ఆగారు. మిస్సోరీలో రెండు దశాబ్దాలకు పైగా మూసి ఉంచిన టర్కీ సీజన్‌ను 1960 వసంతంలో తెరిచారు. అప్పటికి ఆ రాష్ట్రంలో అడవి పుంజు కూత ఒక్కసారీ వినకుండానే పెద్దవాళ్లైనవాళ్లు ఎందరో. తమ చిన్నప్పుడు దొరకని వేటను వాళ్లు పిల్లలకు నేర్పగలిగారు.

పెట్టె, సుద్ద, ఓపిక

ఆ నేర్పడం మాటలతో తేలే పని కాదు. చెట్టు మీద రాత్రి గడిపిన పుంజు తెల్లవారుజామున కూస్తుంది. ప్రకృతి లెక్కలో ఆ కూత విని పెట్టే దాని దగ్గరికి వెళ్తుంది. వేటగాడు పెట్టలా పలికి, పుంజే తన దగ్గరికి వచ్చేలా చేయాలి. అందుకే ఇది కష్టమైన వేట. పుంజు చూపు మహా చురుకు. మోకాలి మీద వేలు కదిలినా పసిగట్టి పారిపోతుంది.

పిలవడానికి ఎక్కువమంది వాడేది బాక్స్ కాల్. పలచగా చెక్కిన పక్కలున్న పొడవాటి చెక్క పెట్టె, దాని మీద ఒక మర మేకుతో బిగించిన పిడి ఉన్న మూత. మూత అడుగున సుద్ద రాసి పెట్టె అంచు మీద ఒరిపిస్తే పెట్ట గొంతు పలుకుతుంది. ఆర్కన్సాస్‌లోని డార్డనెల్‌కు చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో దీనికి పేటెంట్ పొందాడు. ఎంత నొక్కాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పక్కన కూర్చున్నవాళ్లను చూసే పట్టుబడుతుంది. చాలామందికి ఆ పక్కన కూర్చున్నది నాన్నే.

ఆయన పోయాక మిగిలేదీ ఆ పెట్టే. ఏళ్ల తరబడి బొటనవేలు ఆనిన చోట నునుపుదేరిన చెక్క, మూలల్లో ఇంకిపోయిన సుద్ద. నాన్న పోయిన తర్వాత వచ్చే మొదటి వసంతంలో దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఆయన కూర్చున్న చెట్టు మొదట్లోనే కూర్చునే కొడుకులు, కూతుళ్లు అక్కడ ఎందరో. మనం తద్దినం నాడు నాన్నకు ఇష్టమైన కూర వండినట్టే ఇదీను. వన్యప్రాణుల రక్షణకు తెచ్చిన 1972 చట్టంతో వేటను పక్కన పెట్టిన దేశంలో ఉన్న మనకు తుపాకీతో స్మరణ వింతగా తోచవచ్చు. కానీ ఆయన చేసిన పనిని ఆయన చేసిన చోటే చేయాలన్న తపన మనకు కొత్తదేమీ కాదు.

ఆ తపన ఎంతదాకా వెళ్తుందో అలబామాలో చూడొచ్చు. వన్యప్రాణి విభాగంలో పనిచేసిన ఇద్దరు అధికారులు 2011లో అక్కడ ఒక సంస్థ పెట్టారు. చనిపోయినవారి అస్థికల బూడిదను తూటాల్లో నింపి కుటుంబానికి తిరిగి ఇవ్వడం దాని పని. ఆ ఇద్దరిలో టర్కీ వేటంటే ప్రాణమిచ్చే ఒకరికి, తన బూడిద చివరికి ఓ టర్కీ వేటలో కలిసిపోవాలన్న కోరిక ఉండేది. సంస్థకు ఆలోచన అక్కడే పుట్టింది.

కొడుకుల వంతు

వసంతంలో చాలా రాష్ట్రాలు మగ పక్షిని, లేదా రొమ్ము మీద గడ్డంలా ఈకలు వేలాడే దాన్ని మాత్రమే కొట్టనిస్తాయి. కొన్నిచోట్ల మధ్యాహ్నానికల్లా తుపాకీ దించేయాలి. ఉత్త చేతులతో తిరిగొచ్చే రోజులే ఎక్కువ. అలా తిరిగొచ్చినవాళ్లూ నాన్నను గౌరవించినట్టే.

ఈ శతాబ్దం మొదట్లో దేశం మొత్తం మీద 70 లక్షలకు చేరువైన అడవి టర్కీల సంఖ్య తర్వాత తగ్గింది. దక్షిణాది రాష్ట్రాల్లో పెట్టల వెంట కనిపించే పిల్లలు తక్కువయ్యాయి. అలబామా, టెన్నెసీ ఇటీవల సీజన్‌ను ఆలస్యంగా తెరుస్తున్నాయి, ఒక్కొక్కరు కొట్టగల పక్షుల సంఖ్యనూ తగ్గించాయి. దీనికి సణిగేవాళ్లున్నారు. నాన్న పెట్టెను జేబులో పెట్టుకుని అడవికి వెళ్లేవాళ్లు మాత్రం సణగకూడదనే నా అభిప్రాయం. ఆయన తరం ఆగింది కాబట్టే వాళ్లకు ఈ పక్షి దక్కింది. ఇప్పుడు ఆగాల్సిన వంతు వాళ్లది. వాళ్లు ఓ పక్షిని తక్కువ కొడితే, నాన్న నేర్పినది వాళ్ల పిల్లలకూ అందుతుంది.