మెక్సికోలో మా ఊరి నాగజెముడు

మెక్సికో జెండాని ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? మధ్యలో ఒక గద్ద, దాని నోట్లో పాము, గద్ద కాళ్ళ కింద ఏదో ముళ్ళ మొక్క. గ్వాదలహారా విమానాశ్రయంలో దిగేదాకా నేనూ చూడలేదు. ఇమ్మిగ్రేషన్ లైన్లో గంటసేపు నిలబెడితే ఇక చూడ్డానికి ఇంకేముంటుంది! గద్దా పామూ అంటే మనకి కొత్తేం కాదు, గరుత్మంతుడి కథ చిన్నప్పట్నించీ వింటున్నదే. కింద ఆ మొక్కేమిటా అని కళ్ళజోడు సర్దుకుని చూస్తే.. నాగజెముడు. మా పెద్దకడుబూరులో దిబ్బల పక్కన, ఎవరికీ అక్కర్లేని చోట మొలిచే నాగజెముడు!

ఇది 2011 సంగతి. ఎనిమిది నెలల ప్రాజెక్ట్. అమెరికా వెళ్ళాల్సినవాణ్ణి వీసా తిప్పలవల్ల మెక్సికోలో పడ్డాను. ఊళ్ళో ఎవరికి చెప్పినా "అమెరికానే కదా" అనేవాళ్ళు, నేనూ గట్టిగా కాదనలేదు. నాకప్పటికి ఆ దేశం గురించి తెలిసినదల్లా హాలీవుడ్ సినిమాల్లో పెద్ద టోపీలు, దొంగరవాణా ముఠాలు. అంతే.

జెండా మీది బొమ్మకి కథ ఉంది. మెషీకా అనే తెగవాళ్ళు (వీళ్ళనే మనం పుస్తకాల్లో అజ్టెక్కులని చదువుకున్నాం) ఉండటానికి చోటు కోసం తిరుగుతుంటే, నాగజెముడు మీద గద్ద వాలిన చోట ఊరు కట్టుకోమని వాళ్ళ దేవుడు చెప్పాడట. అలా 1325లో ఒక చెరువు మధ్య దిబ్బ మీద కట్టిన ఊరే తెనోచ్‌తిత్లాన్. దాన్ని 1521లో స్పెయిన్ వాళ్ళు నేలమట్టం చేసి పైన కట్టుకున్నదే ఇప్పటి మెక్సికో సిటీ. మనం ఊరి బయట పారేసే మొక్కని వాళ్ళు రాజధాని నడిబొడ్డున పెట్టుకున్నారన్నమాట.

భాష గురించి ఒక్క మాట. స్పానిష్ మనవాళ్ళకి అనుకున్నంత కష్టం కాదు. చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి, రాసినట్టే పలుకుతారు. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకీ రెండున్నాయి. మొదటిరోజు హోటల్లో సర్వరు "మేసా?" అని అడిగితే నాకు వెంటనే అర్థమైపోయింది, మేజా! ఆ తర్వాత తువాలు, బాల్చీ, అలమార, పాదిరి.. అన్నీ అటూ ఇటూగా అవే. మనకి ఇవి పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చాయి, ఆ రెండు భాషలూ అక్కచెల్లెళ్ళు.

సరే, నాగజెముడు దగ్గరికొద్దాం. ఆఫీసుకెళ్ళే దారిలో సంత ఉండేది. అక్కడ ఒకావిడ చిన్న పీట మీద కూచుని, చేతిలో నాగజెముడు ఆకు పట్టుకుని, కత్తితో ముళ్ళు చెక్కుతూ ఉండేది. చకచకా, చేతికి ఒక్క ముల్లు గుచ్చుకోకుండా. పక్కన చిన్న ముక్కలుగా తరిగి సంచుల్లో పెట్టి అమ్మేది. పేరు నోపాల్. పండు పేరు తూనా. ఒకరోజు ధైర్యం చేసి కొనుక్కెళ్ళి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి వేయించా. జిగురు బెండకాయది, పులుపు చింతచిగురుది. జొన్నరొట్టెలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ జొన్నరొట్టె ఎక్కడిదీ అంటారా? మొక్కజొన్న పిండిని చేత్తో తట్టి పెనం మీద కాల్చే తోర్తియా, కళ్ళు మూసుకుని తింటే మా కర్నూలు జిల్లా రొట్టెకి పెదతల్లి కూతురే. మిరపకాయలు ఎలాగూ వాళ్ళవే, మనం అప్పు తెచ్చుకున్నవి.

ఆ డిసెంబరు సెలవుల్లో వహాకా వెళ్ళా. మెక్సికో సిటీ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి దక్షిణంగా ఇంకో బస్సు. మ్యాపులో చూస్తే వహాకా, మన హైదరాబాదు రెండూ 17 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి. ఎండ, ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, మేకలు. బస్సు కిటికీలోంచి చూస్తే ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోతున్నట్టే ఉంది. అక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపల తెయోతిత్లాన్ దెల్ వాయే అని సపోతెక్ తెగవాళ్ళ నేతగాళ్ళ ఊరు. ఇంటింటికీ మగ్గం. కంబళ్ళు, తివాచీలు నేస్తారు. ఎమ్మిగనూరు పక్క ఊరివాణ్ణి కదా, మగ్గం చప్పుడు వినపడితే కాళ్ళు అటే లాగుతాయి. 1938లో మాచాని సోమప్పగారు పెట్టిన చేనేత సహకార సంఘం గురించి వింటూ పెరిగినవాళ్ళం.

ఒక ఇంట్లో పెద్దాయన రంగులు ఎలా వేస్తారో చూపిస్తున్నాడు. గోడకి ఆనించిన నాగజెముడు ఆకు మీద తెల్లగా బూజులాంటిది పట్టి ఉంది. దాంట్లోంచి చిన్న పురుగుని తీసి నా అరచేతిలో పెట్టి బొటనవేలితో నలిపాడు. చెయ్యంతా ఎర్రగా అయిపోయింది. కుంకుమ కూడా అంత ఎర్రగా ఉండదు. దాని మీద నిమ్మరసం పిండితే నారింజరంగు, సున్నం చల్లితే ఊదారంగు. చుట్టూ ఉన్న టూరిస్టులు ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం వేరే సంగతి గుర్తొచ్చి చెయ్యి వణికింది.

మా అవ్వ 1998లో పోయింది. చిన్నప్పుడు మాకు చెప్పే కథల్లో ఒకటి ఇది. వాళ్ళ చిన్నతనంలో ఊరి చుట్టూ కోటగోడలా నాగజెముడు ఉండేదట. దాంట్లో పాములు, దొంగలు, అంతా ఉండేవాళ్ళట. ధాత కరువులో ముళ్ళు కాల్చి ఎద్దులకి పెట్టారని వాళ్ళ తాత చెప్పేవాడట. అవ్వకి ఎనిమిదో పదో ఏళ్ళున్నప్పుడు దానికి తెల్లబూజు పట్టి, చూస్తుండగానే కుళ్ళి కూలిపోయిందట. "ఆ బూజులో పురుగు ఉండాది నాయనా. చిదిమితే నెత్తురే. ఆడపిల్లోళ్ళం బొట్టు పెట్టుకుంటా ఉంటిమి" అనేది. పురుగుకి ఎర్ర నెత్తురేంటి అవ్వా, సైన్సు ఒప్పుకోదు అని పదో తరగతి చదివే నేను ఎగతాళి చేసేవాణ్ణి. పాపం, ఆమె ఎక్కువ వాదించేది కాదు. "యాల రా నీకు అబద్ధం చెప్పేది" అని ఊరుకునేది.

గది కొచ్చి ఆ రాత్రంతా చదువుతూ కూచున్నా. తర్వాత చాన్నాళ్ళు చదివా. సంగతి ఇదీ.

ఆ పురుగు పేరు కొచినీల్. వాళ్ళ పాత నవాత్ల్ భాషలో నోచెస్త్లి, అంటే నాగజెముడు పండు నెత్తురు. అవ్వ పెట్టిన పేరుకి ఎంత దగ్గరో చూడండి. స్పెయిన్ వాళ్ళు రాకముందే దీన్ని పెంచి, ఎండబెట్టి, సంచుల లెక్కన రాజుకి కప్పం కట్టేవాళ్ళు. ఒక పౌను రంగుకి సుమారు 70,000 పురుగులు కావాలి. స్పెయిన్ వాళ్ళు దాన్ని ఐరోపాకి ఎగుమతి చేసి, వెండి తర్వాత మెక్సికో నుంచి అంత డబ్బు దీనిమీదే సంపాదించారు. అది ఏమిటన్నది మాత్రం బయటికి చెప్పలేదు, పక్కా క్లోజ్డ్ సోర్సు. ఐరోపాలో చాలాకాలం అది పురుగో గింజో తెలీక కొట్టుకున్నారు, సూక్ష్మదర్శిని వచ్చాకే తేలింది. 1777లో మెనోంవిల్ అనే ఫ్రెంచివాడు ఇదే వహాకాకి మారువేషం లాంటి కథలేవో చెప్పి వచ్చి, పురుగులతో సహా ఆకుల్ని దొంగతనంగా పట్టుకుపోయాడు.

ఇంగ్లీషువాళ్ళకీ అదే యావ. వాళ్ళ సైనికాధికారుల ఎర్రకోట్లకి రంగు ఇదే మరి, శత్రుదేశం దగ్గర కొనుక్కోవాలంటే ఎంత మంట! 1786లో మద్రాసులో కంపెనీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్, ఇక్కడ ఒక పురుగు కనిపించింది, కొచినీలే అనుకుంటా అని జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉత్తరాలు రాశాడు. (అదే 1786లో టిప్పు సుల్తాను మా ఆదోని కోటని ముట్టడించి పడగొట్టాడు. మావాళ్ళకి ఈ పురుగుల గోల పట్టించుకునే తీరిక లేదు.) అది కొచినీల్ కాదని తేలింది. అయినా ఆయన ఊరుకోలేదు. సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు, లండన్లోని క్యూ తోటనుంచి మొక్కలు తెప్పించాడు, అక్కడా ఇక్కడా పంచిపెట్టాడు. ఇక పురుగు వస్తే చాలు.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన రియో డి జనీరో నుంచి కలకత్తాకి పురుగుల్ని తెచ్చాడు. అక్కణ్ణుంచి మద్రాసుకి. కానీ అది అసలు కొచినీల్ కాదు, దాని అడవి చుట్టం. రంగు నాసిరకం, తిండి మాత్రం దండి. తప్పు వెర్షన్ని టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్లో పెట్టేశారన్నమాట. బగ్ అనే మాట ఇంతకంటే సరిగ్గా ఎక్కడా వాడలేం. అది రంగివ్వకుండా ఒక రకం నాగజెముడుని ఊళ్ళకి ఊళ్ళు తినేసింది. దాంతో కొందరు తెలివైనవాళ్ళు ఆ తర్వాత దాన్నే కలుపుని చంపడానికి వాడుకున్నారు. పురుగుతో కలుపుని చంపడంలో ప్రపంచంలోనే తొలి అనుభవం ఇదని శాస్త్రవేత్తలు చెప్తారు. అయితే ఇంకో మొండి రకం ఉంది, పసుపు ముళ్ళది. దాన్ని ఈ పురుగు ముట్టుకోదు. పోటీ కూడా పోయేసరికి అది మద్రాసు రాజధానిలో మెట్ట జిల్లాలన్నిటా విచ్చలవిడిగా అల్లుకుపోయింది. మా ఆదోని తాలూకా అప్పట్లో బళ్ళారి జిల్లా, 1953 దాకా. అవ్వ చెప్పిన కోటగోడ అదే.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంటుంది. 1876-78 కరువు మా ప్రాంతాన్ని ఊడ్చేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్ళారి జిల్లాలో సుమారు ఐదో వంతు, కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లరకి దించాడు. ఆ జనం ఊరి చుట్టూ, మెక్సికోలో కోట్లమంది కూరొండుకునే మొక్క. గుట్టలు గుట్టలుగా. పండ్లు పిల్లలు తినేవాళ్ళు, ఆకు ఎద్దుకి పెట్టారు. మనిషి తినొచ్చని, ఎలా చెక్కాలో, ఎప్పటి లేత ఆకు కొయ్యాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మొక్క ఓడెక్కి వచ్చింది, పురుగు ఓడెక్కి వచ్చింది, ఆ సంతలో పీట మీద కూచున్నావిడ మాత్రం రాలేదు.

మరీ భావుకత్వం అవుతుందేమో, ఒక్కటి ఒప్పుకోవాలి. వాళ్ళు కూరొండేది వేల ఏళ్ళుగా సాకిన పెంపుడు రకం, ముళ్ళు తక్కువ. మన దిబ్బల మీదది అడవి రకం. దాన్ని తిని కరువు గట్టెక్కేవాళ్ళని నేను అనను. పైగా ఆకలితో చచ్చిపోవడానికి కారణం కూర లేకపోవడం కాదు, ధాన్యం రైళ్ళల్లో వస్తున్నా కొనే డబ్బు లేకపోవడం. అయినా ఆ నోపాల్ కూర తిన్నప్పుడల్లా ధాత కరువు గుర్తొచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

1926లో ప్రభుత్వం సింహళం నుంచి మరో పురుగుని తెప్పించింది. దాని స్వస్థలమూ మెక్సికో వైపే. ఈసారి సరైన వెర్షను. కొన్నేళ్ళలో ఆ మొండి రకం కూలిపోయింది. అవ్వ వయసు లెక్కేస్తే సరిగ్గా సరిపోయింది. ఆమె బొట్టు పెట్టుకున్నది కొచినీల్ చెల్లెలితో. మహారాజుల వస్త్రాలకి, మతగురువుల అంగీలకి వేసిన రంగుకి చుట్టం. నేను సైన్సు ఒప్పుకోదన్నాను.

అసలు కొచినీల్ వ్యాపారం కూడా ఎంతోకాలం నిలవలేదు. 1821లో మెక్సికోకి స్వాతంత్ర్యం వచ్చింది, పురుగు కానరీ దీవులకి పోయింది, 1856 తర్వాత కృత్రిమ రంగులొచ్చి అందర్నీ ముంచేశాయి. ఇప్పుడు ఆహారపదార్థాల్లో ఇ120 అనే పేరుతో బతుకుతోంది. 2012లో అమెరికాలో స్టార్‌బక్స్ స్ట్రాబెర్రీ డ్రింకులో పురుగు రంగుందని గొడవైతే మానేశారు. శాకాహారులు ప్యాకెట్ల వెనక చూసుకోండి.

తెయోతిత్లాన్ నుంచి ఆ ఎర్ర ఉన్నితో నేసిన చిన్న తివాచీ తెచ్చుకున్నా. ఆదోని తివాచీలకీ ఒకప్పుడు పేరుండేదని ఆ పెద్దాయనకి నా వచ్చీరాని స్పానిష్‌లో చెప్పా. అర్థమైందో లేదో, తలూపాడు. అది ఇప్పుడు మా ఊరింట్లో గోడకి ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్తే మా బావమరిది ఒక ఎకరంలో డ్రాగన్ ఫ్రూట్ వేద్దామని కాగితం మీద సిమెంటు స్తంభాల లెక్క వేస్తున్నాడు. అది కూడా ఆ మెక్సికో వైపు మొక్కే, నాగజెముడుకి చుట్టమే అని చెప్పి, గోడ మీది తివాచీ కథంతా విప్పాను. ఓపిగ్గా విన్నాడు. చివర్లో పెన్ను పక్కన పెట్టి,

"అదంతా సరే గానీ బావా, ఆ పురుగు దీనికి పడుతుందా?" అన్నాడు.