ప్రతిజనకమునకు ప్రతిరూపము

ఇంగ్లండులో గడ్డి పూయు దినములు రాగానే అనేకులకు తుమ్ములు, కంటినీరు, ముక్కుదిబ్బడ ప్రారంభమగును. దీనికి కారణము గాలిలోని పుప్పొడి. లండనులోని సెయింట్ మేరీ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ అను వైద్యుడు ఆ పుప్పొడి సారమునే అతిస్వల్పముగా ప్రారంభించి, క్రమముగా మోతాదు హెచ్చించుచు రోగులకు సూదితో ఎక్కించి, 1911లో ఫలితములను ప్రకటించెను. ముల్లును ముల్లుతోనే తీయు ఈ చికిత్స నేటికిని వాడుకలో నున్నది. కాని పడని పదార్థమునే రోగి దేహములోనికి పంపుటచే అరుదుగా ప్రాణాపాయమును కలుగవచ్చును. ముల్లు లేకయే ముల్లు తీయు ఉపాయము లేదా?

ఈ ప్రశ్నకు జవాబు ప్రతిరక్షకము పనిచేయు తీరులోనే యున్నది. అది ప్రతిజనకము నంతటిని పట్టదు. దాని పైభాగమున నొక చిన్న చోటును మాత్రమే పట్టును. తాళపుచెవికి కావలసినది తాళములోని అమరిక మాత్రమే. అమరిక ఒకటే యైనచో, ధాన్యపుకొట్టు తాళమైనను, ఖాళీపెట్టె తాళమైనను ఒకే తీరున తెరచుకొనును.

అట్టి ఖాళీపెట్టె తాళమును తయారుచేయుట ఎట్లు? 1963లో అమెరికాలో బ్రూస్ మెరిఫీల్డ్ అమైనో ఆమ్లములను ఘనపదార్థముపై ఒక్కొక్కటిగా కూర్చి, పెప్టైడులను, అనగా పొట్టి గొలుసులను, చేయు విధానమును ప్రకటించెను. ఆస్ట్రేలియాలో మారియో గైసన్ బృందము 1984లో ప్లాస్టిక్ కడ్డీలపై వందలకొలది పెప్టైడులను ఒకేమారు తయారుచేసెను. ప్రతిజనకము నిర్మాణము తెలియకున్నను, ప్రతిరక్షకమునే పరీక్షకునిగా నిలిపి, దానికి అతుకు పెప్టైడును వెదకవచ్చునని 1986లో వారు చూపిరి. దానికి 'మిమోటోపు' అని పేరిడిరి.

ఆరు అమైనో ఆమ్లముల గొలుసులే 6 కోట్ల 40 లక్షల విధములుగా నుండగలవు. ఇన్నింటిని చేతితో చేయుట అసాధ్యము. బాక్టీరియాలకు సోకు వైరసుల కవచముపై పెప్టైడులను నిలుపవచ్చునని 1985లో జార్జి స్మిత్ నిరూపించి, వెదకులాటను సుకరము చేసెను. ఇందులకు ఆయన 2018లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగము పొందెను.

ఎలర్జీ కలవారి మాస్ట్ కణములపై 'ఐ.జి.ఇ.' అను ప్రతిరక్షకము లుండును. పుప్పొడి ప్రోటీను రెండింటిని కలిపి పట్టినపుడు హిస్టమిన్ వెలువడి బాధ పుట్టును. ఒకే అతుకు గల మిమోటోపు రెండింటిని కలుపజాలదు. అయినను రక్షించు ప్రతిరక్షకములను పుట్టింపగలదు. వియన్నాలో ఎరికా యెన్సెన్-యారోలిమ్ బృందము 1998లో బర్చి చెట్టు పుప్పొడి విషయమున ఈ మార్గమును చుంచెలుకలలో పరీక్షించెను.

కాన్సరు విషయమున చిక్కు తారుమారగును. అచట దేహము శత్రువును తనవానిగా నెంచి యూరకుండును. రొమ్ము కాన్సరు కణములపై గల హెర్-2 ప్రోటీనును పట్టు ట్రాస్టుజుమాబ్ అను ప్రతిరక్షకము 1998లో అమెరికాలో ఆమోదము పొందెను. కాని దానిని మరల మరల ఎక్కించవలెను. వియన్నా పరిశోధకులు 2004లో దానినే పరీక్షకునిగా నిలిపి మిమోటోపులను ఏరిరి. వానిచే చుంచెలుకలలో పుట్టిన ప్రతిరక్షకములు హెర్-2ను గుర్తించినవి.

అయితే తాళపుచెవికి సరిపడు తాళములన్నియు అదే చెవిని మరల చేయింపజాలవు. పెప్టైడు ప్రతిరక్షకమునకు అతుకుట ఒకటి. దేహముచే అట్టి ప్రతిరక్షకమునే పుట్టించుట మరొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమును దాటుటయే పరిశోధకుల ముందున్న పని.