కోడి రంగుల వెనక శ్రమ చరిత్ర

పల్నాటి కథ తెలిసినవారికి నాయకురాలు నాగమ్మ పుంజు పేరు తెలుసు: శివంగి డేగ. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. 12వ శతాబ్దిలో జరిగిందని చెప్పే ఆ పందెంలో గెలిచినవారి పేర్లూ ఓడినవారి పేర్లూ నిలిచాయి. ఆ డేగను పొదిగించి, గంపకింద కాచి, పుంజును చేసిన చేతులెవరివో మాత్రం కథ చెప్పదు.

ఇక్కడ డేగ అంటే వేటపక్షి కాదు, ఎర్ర ఈకల పుంజు. నల్లది కాకి, తెల్లది సేతువ. మెడమీద నలుపు తెలుపు ఈకలు సమంగా ఉంటే పర్ల, మెడ నల్లనైతే సవల. రెండు రంగులు కలిస్తే కాకి డేగ, కాకి నెమలి వంటి జంట పేర్లు. ఇంత నిశితమైన వర్గీకరణ పండితుల గదుల్లో పుట్టలేదు. రోజూ కోళ్లను మూసి తెల్లవారి వదిలేవారి కంటిలో పుట్టింది.

రంగు నిలపడం తేలిక పని కాదు. పెట్ట 21 రోజులు పొదిగితే పిల్ల బయటికొస్తుంది. కాని ఆ నూగును చూసి రేపటి ఈక రంగు చెప్పడం కష్టం. ఈకలు రాలి, మళ్లీ వచ్చి, నెలలు గడిస్తేగాని అసలు రంగు తేలదు. అందాకా నూకలు చల్లాలి, చెదలు తెచ్చి వేయాలి, గద్దనుంచీ పిల్లినుంచీ కాపాడాలి. కొక్కెర తెగులు వస్తే గంప ఖాళీ. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది. తూర్పు గోదావరి మన్యంలో పెట్టను వాటాకిచ్చి, పిల్లలను పంచుకునే పద్ధతి ఉంది. పెట్ట ఒకరిది, పెంపకం మరొకరిది.

ఈ అనుభవ జ్ఞానాన్ని కుక్కుట శాస్త్రం తీసుకుంది. తీసుకుని వారానికీ నక్షత్రానికీ జాముకూ కట్టేసింది. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పేదే శాస్త్రమయింది, ఆ రంగును పుట్టించిన విద్య అజ్ఞాతంలో ఉండిపోయింది. భూస్వామ్య సంస్కృతి తీరే అది: పరిశీలన శ్రమజీవిది, ఫలశ్రుతి ప్రభువుది.

ఆధునిక విజ్ఞానం ఈ ముడిని విప్పింది. మెండెల్ సూత్రాలు కోళ్లకూ వర్తిస్తాయని 1902లో బేట్సన్ చూపాడు. నీలి ఆండలూసియన్ పుంజునూ పెట్టనూ జతకడితే పిల్లల్లో దాదాపు సగమే నీలివి. మిగిలినవాటిలో సగం నల్లవి, సగం మచ్చల తెల్లవి. రంగు వంశంలోంచి వస్తుంది, గ్రహంలోంచి కాదు. తల్లినీ తండ్రినీ గుర్తుపెట్టుకుని జతకట్టిన పెంపకందారు నడిచింది ఈ దారినే. జాతకం చూసినవాడు కాదు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా జాతిని తయారు చేసినప్పుడు రంగు ఈకలనే ఎంచుకుంది. పల్లెవాసి ఇష్టపడేది రంగు కోడినే. పైగా తెల్లకోడి గద్ద కంట త్వరగా పడుతుంది. పల్లెకు ఇది కొత్త సంగతి కాదు.

పందేన్ని మనం సమర్థించం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం, 2016లో హైకోర్టు ఆదేశం వచ్చినా సంక్రాంతికి కత్తులు కడుతూనే ఉన్నారు, పేదవాడి కూలి బరిలో పోతూనే ఉంది. అయితే పందేన్ని నిరసించే తొందరలో పెంపకాన్ని మరవకూడదు. క్రీడాభిరామంలోని ఓరుగల్లు కోడిపందేన్ని మన విమర్శకులు వినోదంగానే చదివారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించి, కావ్యాల్లో జనజీవితాన్ని వెతకడం నేర్పారు. ఆ వెతుకులాట బరి దగ్గర ఆగకుండా గంప దాకా సాగాలి. పర్ల, సవల, సేతువ వంటి మాటలు పందెగాళ్ల నోట మిగిలాయి. పెంచినవారి నోట మిగిలినవి సేకరించే పని ఇంకా మన ముందే ఉంది.