లక్కపిడతల రంగు మారిన కథ

ఒకే బొమ్మకి రంగు మార్చేస్తే అది కొత్త బొమ్మ అయిపోతుందా? పిల్లలున్న ఇళ్లల్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మా అబ్బాయి దగ్గర విమానం నుంచి రోబోగా మారే బొమ్మలు రెండున్నాయి. అచ్చు ఒకటే, కీళ్లు ఒకటే, మడతపెట్టే పద్ధతీ ఒకటే. ఒకటి బూడిద రంగు, రెండోది నీలం. నా కంటికి రెండూ ఒకటే. వాడికి మాత్రం ఇద్దరు వేరు వేరు మనుషులు.

వాడిది చాదస్తమేం కాదు. 1984లో అమెరికాలోని హాస్‌బ్రో సంస్థ, జపాన్‌లోని టకారా చేసిన బొమ్మల్ని తీసుకుని 'ట్రాన్స్‌ఫార్మర్స్' పేరుతో అమ్మకానికి పెట్టింది. ఒకే యుద్ధవిమానం అచ్చులోంచి మూడు పాత్రలు పుట్టాయి. బూడిద రంగులో స్టార్‌స్క్రీమ్, నీలంలో థండర్‌క్రాకర్, నలుపు, ఊదా కలిసి స్కైవార్ప్. అచ్చు చేయించడం ఖరీదు, రంగు మార్చడం చవక. అలా రంగే ఆ బొమ్మకి పేరూ, గుణమూ అయింది. అక్కడ రంగు బాగుందా లేదా అని చూడటమంటే, దూరం నుంచి చూసినా ఎవరు ఎవరో పిల్లాడికి తెలుస్తోందా అని చూడటమే.

రంగు మారిన బొమ్మలంటే నాకు మాత్రం ముందు మా దగ్గరి ఊరే గుర్తొస్తుంది. ఉప్మాక వెంకన్న కొండ దగ్గర్నుంచి నక్కపల్లి వచ్చి, హైవే ఎక్కి యలమంచిలి వైపు వెళితే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. మనం చిన్నప్పుడు అన్నం, పప్పు వండినట్టు ఆడుకున్న లక్కపిడతలు, అమ్మమ్మల కుంకుమ భరిణెలు, సంక్రాంతి కొలువులో పెట్టే బొమ్మలు అక్కడ చేసేవే. అక్కడ కూడా ఆకారాలు దాదాపు అవే ఉండి, రంగులు మారాయి. ఒకసారి కాదు, రెండుసార్లు.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్తాను. అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, నున్నగా తెగుతుంది. దాన్ని తరిణి మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచెతో పూసిన రంగులా ఇది పైపైన ఉండిపోదు, కర్రని అంటుకుని ఉంటుంది.

ఆ లక్కలో ఏం కలుపుతున్నారన్నదే అసలు కథ. వెనకటి రోజుల్లో చెట్టూచేమా నుంచి తీసిన రంగులే కలిపేవారు. తర్వాత బజారులో రసాయన రంగులు దొరకడం మొదలైంది. కాయలు నానబెట్టి, ఆకులు మరగబెట్టే శ్రమ తప్పింది. గులాబీ, చిలకాకుపచ్చ, నిమ్మపసుపు ఏది కావాలన్నా పొట్లంలో దొరికేది. నూరు బొమ్మలు చేస్తే నూరూ ఒకే రంగులో వచ్చేవి. దాన్ని తప్పుపట్టలేం. ప్లాస్టిక్ బొమ్మ పక్కన వెలవెలబోతే కొనేవాళ్లు లేరు, కొనకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

కానీ బొమ్మ చూడటానికే కాదు కదా, పసివాళ్లు ముందు నోట్లో పెట్టుకుంటారు. కొన్ని రకాల పసుపు, నారింజ రంగు పెయింట్లలో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. 2007లో మాటెల్ అంతటి పెద్ద కంపెనీ కూడా, రంగులో సీసం మోతాదు మించిందని లక్షల బొమ్మల్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఏటికొప్పాకలో మళ్లీ ప్రకృతి రంగులవైపు దారి మళ్లించినవారు సి.వి. రాజు గారు. పాత పద్ధతుల్ని వెతికి, ప్రయోగాలు చేసి, చేతిపనివాళ్లకి నేర్పించారు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం, లక్క నుంచే ఎరుపు, కరక్కాయకి ఇనుము తోడైతే నలుపు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి.

మరి ఈ రంగులు ఎలా ఉన్నాయి? ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ప్లాస్టిక్ రోబో అంత దూరం నుంచి కంటిని లాగవు. పసుపు కాస్త మట్టిగా ఉంటుంది, ఎరుపు ఇటుక వైపు మొగ్గుతుంది. ఈ విడత నీలం పోయిన విడతలా ఉండదు. కిటికీ దగ్గర ఎండలో పెడితే పసుపు వెలుస్తుంది కూడా. కానీ నాలుగు బొమ్మలు కలిపి ఒక పళ్లెంలో పెట్టి చూడండి. ఏదీ ఇంకోదాన్ని అరిచి నొక్కేయదు, మన వంటింటి పోపులపెట్టె తెరిచినట్టుంటుంది. రోబో రంగు 'నేనెవరు' అని చెప్తుంది. లక్కబొమ్మ రంగు 'నేను దేంతో తయారయ్యాను' అని చెప్తుంది. రెండింటినీ ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదు.

ఇంకొక్క మాట. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. నమోదైన చేతివృత్తులవాళ్లు చేసి అమ్మేవాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. చిన్న కొలిమి లాంటి ఇంటి పనికి పరీక్షల ఖర్చు భారమే కాబట్టి అది సబబే. అయితే మార్కు లేని చోట అడిగి తెలుసుకునే పని మనదే. కర్రబొమ్మ అనగానే ప్రకృతి రంగే అనుకోవడానికి లేదు. "ఇది ఏ రంగమ్మా, చెట్టుదా, పొట్లానిదా?" అని అడగండి. చెట్టు రంగు వేసినవాళ్లు సంతోషంగా చెప్తారు. ఆ రంగు వెనక నానబెట్టిన రోజులున్నాయి కాబట్టి ధర కొంచెం ఎక్కువే ఉంటుంది. అక్కడ మాత్రం గీచి గీచి బేరమాడకండి. ఆ పది, ఇరవై రూపాయల తేడా మీదే ఆ ఊరి రంగు నిలబడాలో, మళ్లీ పొట్లానికి మళ్లాలో తేలుతుంది.

వచ్చే నెల మా ఆడపడుచు మనవరాలి అన్నప్రాసన. పిల్ల ముందు పెట్టడానికి పుస్తకం, కలం, బంగారం వాళ్లు చూసుకుంటారు. గిలక్కాయ మాత్రం నేను తెస్తానన్నాను, జాఫ్రా రంగుది.