వరద మిగిల్చిన వంతెనలు

కెనడా అనగానే మనవాళ్లకు టొరంటో, వాంకూవర్ గుర్తొస్తాయి. నేనుండే కాల్గరీ మాత్రం రాకీ పర్వతాలకు తూర్పున, రెండు నదుల మధ్య పెరిగిన ఊరు. వేల ఏళ్లుగా బ్లాక్‌ఫుట్ జాతివాళ్లు తిరిగిన నేల ఇది. బో, ఎల్బో నదులు కలిసేచోట 1875లో పోలీసు దళం కోట కట్టింది. 1883లో రైలొచ్చింది. ఊరు ఒడ్డుకు దగ్గరగా జరిగేకొద్దీ వరద భయమూ దగ్గరైంది.

1915 జూన్‌లో బో పొంగి సెంటర్ స్ట్రీట్ ఇనుప వంతెనను కూల్చేసింది. అప్పటికే పక్కన కడుతున్న కాంక్రీటు వంతెన మరుసటి ఏడాది పూర్తయింది. దానిమీద నేటికీ బండ్లు నడుస్తున్నాయి.

వరద మనకూ కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టిన ఆ చెరువే నగరానికి తాగునీరిచ్చింది. ఎల్బో మీది గ్లెన్‌మోర్ ఆనకట్ట కథ వేరు. 1930ల మొదట్లో, ఆర్థిక మాంద్యం కాలంలో కూలీలకు పని దొరికేలా, తాగునీటి కోసం కట్టారు. 1932 వరద తర్వాత డెబ్బై ఏళ్లపాటు పెద్ద వరద రాకపోయేసరికి ఇక భయం లేదనుకున్నారు. ఒడ్డున ఇళ్లు లేచాయి, నదుల వెంట బాటలు పడ్డాయి.

ఆ బాటలు ఈ ఊరి ఊపిరి. ఊరంతటా ఉన్నవి కలిపితే సుమారు వెయ్యి కిలోమీటర్లుంటాయి. మోటారు బండ్లకు ప్రవేశం లేదు. నడిచేవాళ్లు, సైకిళ్లు, బిడ్డల బండ్లు తోసే తల్లులు, కుక్కలు పట్టుకొచ్చే ముసలివాళ్లు అందరూ కుడివైపే ఉండాలి. దాటబోయే సైకిలువాడు గంట మోగించాలి. వేగం గంటకు 20 కిలోమీటర్లు మించకూడదు.

2013 జూన్‌లో కొండల్లో కుండపోత. కరగని మంచు మీద, నీళ్లు ఇంకని నేల మీద, కొన్నిచోట్ల రెండు రోజుల్లో 200 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. గ్లెన్‌మోర్ నిండి పొర్లింది. 75 వేలమందికి పైగా ఇళ్లు వదిలారు. ఎల్బో మీది శాండీ బీచ్, రివర్‌డేల్, రిడో కాలినడక వంతెనలు పనికిరాకుండా పోయాయి. చెట్ల మోళ్లు కొట్టుకొచ్చి స్తంభాలకు తగులుకుంటే నీరు వాటి వెనక ఎగదన్నుతుంది. అడుగున ప్రవాహం పునాది మట్టిని కోసేస్తుంది. చిన్న వంతెనకు ఆ రెండూ చాలు.

ఏడాది ముందే, 2012లో, బో మీద స్తంభాల్లేకుండా 126 మీటర్ల పీస్ బ్రిడ్జి తెరిచారు. కాలినడక వంతెనకు 2 కోట్ల 45 లక్షల డాలర్లేమిటని జనం మండిపడ్డారు. వరదకు అది చెక్కుచెదరలేదు. ఎల్బో మీది మూడింటి స్థానంలోనూ కొత్తవి లేచాయి.

నాకు నచ్చింది కొత్త వంతెనలు కట్టి ఊరుకోకపోవడం. ఊరికి పడమర, స్ప్రింగ్‌బ్యాంక్ దగ్గర 2022లో మరో పని మొదలైంది. ఎల్బో పొంగితే నీటిలో కొంత కాలువగుండా మళ్లించి, మామూలుగా ఎండి ఉండే పల్లంలో నిలుపుతారు. పొంగు తగ్గాక తిరిగి నదిలోకి వదులుతారు. పట్టే నీరు 7 కోట్ల ఘనమీటర్లు. అందుకోసం పచ్చిక నేల సేకరించారు, రైతులతో ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. మూసీ ఒడ్డున ఇళ్లు తీయాలా వద్దా అని మనం తగవులాడుకుంటున్నాం. కాల్గరీ తేల్చుకున్నది ఒకటే: నదికి నిలిచే చోటు ముందే ఇవ్వకపోతే, ఎంత మంచి వంతెనైనా మళ్లీ కట్టుకోవాల్సిందే.