వెనక బెంచీలో హెచ్‌ఎం సార్

ఎనిమిదీ నలభై ఐదు. జంట నగరాల్లో హైస్కూలు బెల్లు కొట్టే వేళ. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వైపు సందుల్లోంచి పిల్లలు ఉరుక్కుంటూ వస్తున్నారు. మీరు హెచ్‌ఎం గదిలో ఉన్నారు. టేబుల్ మీద యూడైస్‌కు పంపాల్సిన బడి వివరాలు, మధ్యాహ్న భోజనం రిజిస్టరు, పాడైన మోటారు గురించి రాయాల్సిన లెటరు. హాజరు అప్‌లోడ్ కాలేదేమని అప్పుడే ఫోను.

ఈ హెచ్‌ఎం సార్ ఏళ్ల తరబడి లెక్కలు చెప్పారు. సీనియారిటీ మీద ప్రమోషన్ వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నారు. పాఠం ఎలా చెప్పాలో బీఎడ్‌లో నేర్పారు. తోటి టీచరు పాఠం చూసి, ఆమె నొచ్చుకోకుండా ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ లోటు తీర్చడానికే 2012లో ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టారు. ప్రధానోపాధ్యాయులకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని 2020 విద్యా విధానం చెప్పింది. ఆ గంటల్లో ఎక్కువ భాగం హాల్లో కాకుండా బడిలోనే గడవాలని నా గట్టి నమ్మకం.

ఇవాళ శిక్షకురాలు బడికే వచ్చారు. "ఫోను ఇక్కడే ఉండనీయండి సార్, ఆరో తరగతికి పోదాం."

వెనక బెంచీలో సర్దుకుని కూర్చోండి. భిన్నాల పాఠం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. 2022లో సర్కారు బడులన్నిటా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు వచ్చిన ఏర్పాటు. సార్ కాగితం మీద బెంచీలు గీసుకున్నారు. పాఠం చెబుతున్న మేడమ్ ఎవరిని ప్రశ్న అడిగితే ఆ చోట టిక్కు పెడుతున్నారు. అరగంటకు టిక్కులన్నీ ముందు రెండు వరసల్లోనే ఉన్నాయి.

మీ పక్కనున్న పాప బోర్డు మీదున్నదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో దింపుకుంది. ఇంట్లో మాట్లాడేది హిందీ. రెండు పేజీల్లో ఏదీ ఆమెది కాదు. సగం, ముప్పావులో ఏది పెద్దదని సార్ తెలుగులో అడిగితే తల వంచేసింది. హిందీలో అడిగారు. "పౌన్ కిలో," అంది వెంటనే, ముప్పావు కిలో అని. వాళ్లమ్మ మోండా మార్కెట్లో ఉల్లిగడ్డలు అమ్ముతుందట. తూకం వేసేది ఈ పాపే. సార్ పెన్ను ఆగిపోయింది.

బెల్లయ్యాక వరండాలో మేడమ్ ఎదురుచూస్తున్నారు. "పాఠం బాగుంది మేడమ్" అని వెళ్లిపోవడం సులువు. చాలా బడుల్లో తనిఖీ అంతటితో సరి. సార్ తీర్పేమీ చెప్పకుండా కాగితం ఆమె చేతికిచ్చారు. ఆమె చాలాసేపు చూశారు.

"వెనకోళ్లను అడుగుకుంట కూసుంటే సిలబస్ ఎప్పుడైతది సార్?"

న్యాయమైన ప్రశ్న. నలభై మందికి పైగా పిల్లలు, మూడు నాలుగు ఇంటి భాషలు, మధ్యలో బడి మారేవాళ్లు, ఆమె ఒక్కతే. మేడమ్‌కు ఇంకో నోటీసు ఇస్తే ఈ పరిస్థితి మారదు. శిక్షకురాలు సార్ వైపు చూస్తున్నారు, తాను ఒక్క మాటా అందించకుండా.

"రేపు మొదటి పది నిమిషాలు వెనక రెండు వరసలు నేను చూసుకుంట మేడమ్. పావుకిలో రాయి, అరకిలో రాయి తెప్పిస్త. మీరు ముందువాళ్లతోటి మొదలువెట్టండి."

"మీకు ఆఫీసు పని?"

"పది దాటినంక చేస్త. త్రాసు ఎవరింట్ల ఉంటదో పిల్లల్ని అడుగుదాం."