ద్రవ్యోల్బణ అనిశ్చితి, అప్పుల బజారు: ఉస్మానియా ఆర్థిక చింతన

ధరలు పెరగడం వేరు, ఎంత పెరుగుతాయో అంతుపట్టకపోవడం వేరు. రెండోదాన్ని ద్రవ్యోల్బణ అనిశ్చితి అంటారు. లక్ష రూపాయలు 9 శాతం వడ్డీకి ఇచ్చినవారికి ఏడాదిలో ధరలు 4 శాతం పెరిగితే లాభం మిగులుతుంది. 11 శాతం పెరిగితే అసలు విలువే తరుగుతుంది. అందుకే అనిశ్చితి ముదిరినప్పుడు అప్పిచ్చేవారు వడ్డీ పెంచుతారు, గడువు కుదిస్తారు. దీర్ఘకాలిక బాండ్ల ధర పడిపోతుంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాన్ని మొదట ఉర్దూలో బోధించారు. అక్కడి ఆచార్యుడు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతంపై గ్రంథం రాశారు. హైదరాబాద్ సంస్థానంలోని పల్లెల ఆర్థిక స్థితిని 1929-30లోనూ, మళ్లీ 1949-51లోనూ ఆర్థికవేత్త ఎస్. కేశవ అయ్యంగార్ ఎంతో శ్రద్ధగా పరిశీలించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో ధరల సమస్య దేశమంతటా ముదిరింది: టోకు ధరలు 1974-75లో 25 శాతం మేర ఎగబాకాయి. ద్రవ్యోల్బణం హెచ్చేకొద్దీ దాని ఊగిసలాటా హెచ్చుతుందని 1976 నోబెల్ ప్రసంగంలో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించారు. ఆ ఊగిసలాటను కొలిచే పద్ధతిని బ్రిటన్ ధరల లెక్కలపై ప్రయోగించి 1982లో రాబర్ట్ ఎంగిల్ చూపారు. స్టాక్ మార్కెట్ల ఒడిదుడుకులను లెక్కగట్టడానికి ఇప్పుడూ ఆ పద్ధతి ఒక ఆధారం.

ఉస్మానియాలో డాక్టరేట్ పొందిన కడప జిల్లావాసి వై.వి. రెడ్డి ఈ చరిత్రలో ప్రముఖులు. ఆయన రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్నప్పుడే, 1997 డిసెంబరులో, అసలుకు ధరల పెరుగుదల నుంచి రక్షణనిచ్చే తొలి బాండ్లు వెలువడ్డాయి. వడ్డీకి ఆ రక్షణ లేకపోవడంతో అవి ఆదరణకు నోచుకోలేదు. 2003 నుంచి 2008 వరకు గవర్నరుగా రెడ్డి చూపిన ముందుచూపు మెచ్చదగినది. 2004 డిసెంబరులో గృహరుణాల రిస్క్ వెయిట్‌ను (రుణానికి బ్యాంకు ఎంత మూలధనం ఉంచాలో తేల్చే కొలతను) 50 నుంచి 75 శాతానికి పెంచి బ్యాంకుల దూకుడుకు కళ్లెం వేశారు. ధరలపై గృహస్థుల అంచనాలను తెలుసుకునే రిజర్వ్ బ్యాంకు సర్వే 2005 సెప్టెంబరులో మొదలైంది కూడా ఆయన హయాంలోనే.

ఆ సర్వే నమూనాలో ఉస్మానియా దగ్గరి తార్నాకలోని ఒక ఇల్లు పడిందనుకుందాం. వచ్చిన మనిషి ఆ ఇంటివారిని సిద్ధాంతాలు అడగడు. వచ్చే మూడు నెలల్లో, ఏడాదిలో తిండి, అద్దె, సేవల ధరలు ఇప్పటికంటే వేగంగా పెరుగుతాయా, ఇలాగే ఉంటాయా, తగ్గుతాయా అని అడుగుతాడు. జవాబులు ఎంత చెదిరి ఉంటే అనిశ్చితి అంత ఎక్కువని పరిశోధకుల లెక్క.

రెడ్డి తరువాత గవర్నరైన ఏలూరువాసి దువ్వూరి సుబ్బారావు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు వడ్డీరేట్లు పెంచారు. 2013 జూన్‌లో టోకు ధరలకు ముడిపెట్టిన బాండ్లు వచ్చాయి. సామాన్యుడి ఖర్చును పట్టిచూపేది చిల్లర ధరలు కాబట్టి ఆ ముడి సరిపోలేదు. ద్రవ్యోల్బణ లక్ష్యానికి 2016లో చట్టబద్ధత వచ్చింది: 4 శాతం, అటూ ఇటూ 2. అయినా సర్వేలో ద్రవ్యోల్బణానికి గృహస్థులు చెప్పే అంకె సాధారణంగా అధికారిక సూచీకంటే ఎక్కువే ఉంటోంది.